చాయ్‌కి జ్వరం

“చాయ్‌కి జ్వరం ఎంతుందే?” అని అడిగింది ఆయ్‌సోల్తాన్ ముసలమ్మ. అడిగి తన జోకుకి తనే పళ్లులేని నోటితో నవ్వుకుంది.

ఆ జోకుకి మూడేళ్ల వయసు. కూతురు నబాత్, ఆరోగ్య కేంద్రం వాళ్లిచ్చిన పొడుగాటి థర్మామీటరు సంచిలో వేసుకుని ఇంటింటి చాయ్ వేడి కొలవడం మొదలుపెట్టిన రోజున పుట్టింది. మర్నాటికి ఊరంతా పాకింది. ఇప్పుడు పిల్లకాయలు కూడా నబాత్ వీధిలో కనిపిస్తే “అత్తా, మా చాయ్‌కి ఒళ్లు కాలిపోతోంది, వచ్చి చూడు” అని కేకలేస్తున్నారు. ఇరవయ్యారేళ్లుగా ఆ ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ టీకా వేసిన మనిషికి దక్కిన మర్యాద అది.

“డెబ్బై మూడు,” అంది నబాత్, కాగితం మీద అంకె వేస్తూ. “అరవై దాటితే లోపల అన్నం దిగే గొట్టం కాలుతుందని నీకెన్నిసార్లు చెప్పాలమ్మా?”

“నాకు ఎనభై రెండు. నాకేం కాలింది? అది కూడా రాసుకో.”

అదే నబాత్ ఖర్మ. ముసలమ్మ బుద్ధెరిగినప్పట్నుంచీ పొయ్యి మీంచి దించిన చాయ్ దించినట్టే తాగుతోంది, గుండ్రాయిలా ఉంది. ఆవిడ పక్కన కూర్చుని అదే చాయ్ తాగిన మొగుడు గొంతు మూసుకుపోయి పోయాడు. పెద్దకొడుకు బైరం కూడా అలాగే పోయాడు, నాలుగేళ్లయింది. కొన్ని ఇళ్ల రక్తంలోనే ఒక బలహీనత వస్తుందనీ, అది అందర్నీ పట్టదనీ, దాని మీద మరిగే చాయ్, నల్లమందు, పొగ, పచ్చికూర ముట్టని తిండీ తోడైతే మాత్రం ఊరుకోదనీ పెద్ద డాక్టర్లు చెప్పింది నబాత్‌కి కంఠతా వచ్చు. తను చెప్పడం, ఊరివాళ్లు ముసలమ్మని వేలెత్తి చూపించడం. తన మాట ఎవరూ నమ్మకూడదనే దేవుడు ఈవిడకి ఇంత ఆయుష్షు ఇచ్చాడేమోనని నబాత్‌కి ఒక్కోసారి అనుమానం కూడా వస్తుంది.

అన్న నూర్‌బెర్ది గోడవారన దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ ఊళ్లో ఎవరి చాయ్ వాళ్లదే. మనిషికో పింగాణీ కూజా, మనిషికో గిన్నె. మొదటి గిన్నె ఒంపి, మూడుసార్లు మళ్లీ కూజాలోకే తిరగబోస్తే రంగు సమంగా దిగుతుంది. తాగడం ఆ తరవాత. నూర్‌బెర్ది ఒక్కసారి కూడా తిరగబోయలేదు. ఒంపాడు, పొగలు కక్కుతున్నదాన్ని ఎత్తి గుటక వేశాడు, కళ్లలో తిరిగిన నీళ్లు రెప్పలు కొట్టి ఆపుకున్నాడు.

“చూశావా?” అన్నాడు చెల్లెలితో.

“ఏం చూడాలి?”

“నా గొంతుకి ఏ రోగమూ లేదని.”

ఇదీ ఆ ఊరి తెలివి. చాయ్ చల్లార్చుకుని తాగేవాడంటే గొంతు చెడినవాడని లెక్క. “ఫలానావాడు గిన్నె కింద పెట్టి కూర్చుంటున్నాడట” అంటే చాలు, ఆ ఇంటికి పిల్లనిచ్చేవాడుండడు, ఆ ఇంటి పిల్లని చేసుకునేవాడుండడు. అందుకని గొంతులో నలత మొదలైనవాడు మొట్టమొదట చేసే పని ఇంకాస్త వేడిగా, ఇంకాస్త తొందరగా, నలుగురూ చూసేలా తాగడం. ఆరోగ్య కేంద్రం వాళ్లిచ్చిన కాగితంలో ఇది రాసుకోవడానికి గడి లేదు.

నబాత్ అన్న గొంతు చూడలేదు. అన్న చేతుల్ని చూసింది. రొట్టె తుంచి చాయ్‌లో ముంచాడు, బాగా నానేదాకా ఆగాడు, నోట్లో పెట్టుకుని ఆవు నెమరేసినట్టు నమిలాడు. రెండో ముక్క పళ్లెం అంచున పెట్టి మరిచిపోయినట్టు కూర్చున్నాడు. నడుముకి బెల్టు పాత బెజ్జం దాటి, మేకుతో పొడుచుకున్న కొత్త బెజ్జానికి వచ్చింది.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. వదిన బీబీసారా తలుపుకి వీపుపెట్టి కూర్చుని, మధ్యాహ్నం వండిన మాంసం అన్నాన్ని జల్లెడలో వేసి చెంచాతో అదిమి కింద గిన్నెలోకి పిండుతోంది.

“ఎవరికి వదినా? ఇంట్లో చంటిపిల్లలు లేరుగా.”

బీబీసారా ఉలిక్కిపడి జల్లెడ మీద కొంగు కప్పింది. “అత్తయ్యకి. పళ్లు లేవు కదా.”

“అమ్మ చిగుళ్లతో ఎముకలు కొరుకుతుంది. అన్నకి ఎప్పట్నుంచి?”

వదిన చెంచా పక్కన పెట్టింది. “నౌరోజ్ పండక్కి ముందు నుంచి,” అంది చివరికి. “ముందు మాంసం దిగలేదన్నాడు. తరవాత రొట్టె. ఇప్పుడు అన్నం కూడా ఇలా చేస్తేనే.”

“మూడు నెలలు! రోజూ ఈ గుమ్మం ముందు నుంచే పోతాను వదినా. ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెప్తే ఏమవుతుందో నీకు తెలీదా?” బీబీసారా గొంతు తగ్గించింది. “బావగారు పోయిన రోజు అత్తయ్య ఏమందో ఊరంతా విన్నారు. ‘పెద్దకోడలు గోజల్ చేతి చాయ్ నా బిడ్డని లోపల్నుంచి కాల్చేసింది’ అంది. శవం లేవకముందే అంది. గోజల్ అక్క నలభై రోజులు తలొంచుకుని ఉండి పుట్టింటికి పోయింది. ఇప్పుడామె గదిలో ఉన్ని మూటలున్నాయి. రేపు ఈయనకి అదే రోగమంటే, చాయ్ పోసింది నేను. నా గదిలో ఏం పెడతారు?”

నబాత్‌కి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. మరిగే చాయ్ కావాలని గద్దించేది మగవాళ్లు, గోరువెచ్చగా పోస్తే “కుక్కలు తాగే నీళ్లు” అని విసిరికొట్టేది మగవాళ్లు. చచ్చాక మాత్రం నింద చాయ్ పోసిన చేతికి. తన రక్తం పంచిన తల్లి ఆ మాట అనడం మరీ అన్యాయం.

ఆమె మళ్లీ గదిలోకి వచ్చి అన్న ముందు కూలబడింది. “శనివారం పొద్దున్నే వ్యాను వస్తోంది. జిల్లా ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి చూసే పరీక్ష. నా జాబితాలో రెండు పేర్లకి చోటుంది. ఒకటి నీది.”

“ఎవడికి గొట్టం? నువ్వే వేయించుకో.”

“రెండుసార్లు వేయించుకున్నాను. నాదీ నీ రక్తమే కాబట్టి. పది నిమిషాల పని.”

“ఎల్లుండి పక్క ఊరి ఆనాదుర్ది వాళ్లు వస్తున్నారు, మర్చిపోయావా?” నూర్‌బెర్ది గొంతు గట్టి చేశాడు, చేసేసరికి మధ్యలో దగ్గొచ్చింది. “మా అబ్బాయికి పిల్లనిస్తారో లేదో తేల్చడానికి. మన నాన్న గురించి, బైరం గురించి వాళ్ల చెవిన పడే ఉంటుంది. నేను ఆసుపత్రి వ్యానెక్కానని తెలిస్తే ఇంకేమైనా ఉందా? పెళ్లి కానీ. గోధుమ కోతలు కానీ. శరదృతువులో చూద్దాం.”

“శరదృతువుదాకా నువ్వు ఆగుతావు. అది ఆగుతుందా?”

“ఓసారి రక్తం అంటావు. ఓసారి చాయ్ అంటావు. రక్తమైతే మార్చుకోలేను. చాయ్ అయితే తాగడం ఎప్పుడో అయిపోయింది. మరి నీ గొట్టం దేనికి?”

“ఎంతదాకా వచ్చిందో చూడ్డానికి! చెయ్యగలిగింది ఉండగానే చూడ్డానికి!”

“అరవకే,” అంది ముసలమ్మ. “చాయ్ చల్లారిపోతుంది.”

నూర్‌బెర్ది జేబులోంచి చిన్న పొట్లం తీసి, కందిగింజంత నల్లమందు గోటితో గిల్లి గిన్నెలో వేసుకున్నాడు. నొప్పి అని ఒప్పుకోడు. నడుం పట్టేసిందంటాడు. నబాత్ థర్మామీటరు తుడిచి సంచిలో పడేసి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బయటికి నడిచింది.

గురువారం మధ్యాహ్నానికి ఇల్లు ఇల్లులా లేదు. పెట్టెల్లో ఉన్న ఎర్ర తివాసీలన్నీ నేల మీదకి వచ్చాయి. మట్టిపొయ్యిలో కాల్చిన రొట్టెలు గుడ్డలో చుట్టి ఉన్నాయి. పెళ్లికొడుకు యాజ్‌గెల్ది గుర్రాన్ని మూడోసారి కడుగుతున్నాడు, పెళ్లి గుర్రానికే అన్నట్టు.

ఆనాదుర్ది అక్కతో కలిసి వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఉన్ని టోపీ కింద మొహం సన్నగా పీక్కుపోయి ఉంది. అక్క తూతీ మాత్రం నిండుగా, పువ్వుల శాలువాలో, తక్కెడలాంటి కళ్లతో వచ్చింది. కూర్చోవడమే నూర్‌బెర్దికి ఎదురుగా కూర్చుంది.

“మీ పెద్దాయన దేనితో పోయారు అత్తయ్యగారూ?” అని అడిగింది ముసలమ్మని, చాయ్ ఇంకా రాకముందే.

“గుండె,” అంది ఆయ్‌సోల్తాన్ రెప్ప వేయకుండా.

“పెద్దబ్బాయి?”

“వాడిదీ గుండే. మా ఇంట్లో అందరివీ మెత్తని గుండెలు.”

నబాత్ పళ్లు కొరుక్కుంది. ఈ జిల్లాలో ఇన్ని గుండెలు ఆగిపోతున్నాయి, ఇన్ని చావు కాగితాల మీద ఇంటివాళ్లు చెప్పినట్టే తన చేత్తో తనే గుండె అని రాసింది, ఒక్క గొంతూ లేదు. గుండె డాక్టర్లు చూస్తే బెంబేలెత్తిపోతారు.

బీబీసారా శాలువా అంచు పళ్లతో పట్టుకుని, పెద్దల ముందు కోడలు ఉండాల్సినట్టు మాట లేకుండా, ఒక్కొక్కరి ముందు ఒక్కో కూజా పెట్టింది. తూతీ చూపు కూజాల మీంచి నూర్‌బెర్ది గొంతు దగ్గరికి వచ్చి ఆగింది. నూర్‌బెర్దికి అది తెలుసు. ఒంపాడు, తాగాడు. మళ్లీ ఒంపాడు, తాగాడు. కంఠం మీద ముడి పైకి లేచి, ఒక క్షణం ఆగి, కిందికి దిగింది. ఆ ఆగిన క్షణంలో నబాత్ తన ఊపిరి కూడా ఆపుకుంది. నాలుగు గిన్నెలు తాగాడు. నుదుటి మీద చెమటలు కారుతుంటే, “అబ్బ, ఏం ఎండలండీ!” అన్నాడు. బయట మబ్బు పట్టి చల్లగాలి వీస్తోంది.

“బావగారికి వేడి బాగా ఇష్టం లాగుందే,” అన్నాడు ఆనాదుర్ది మెచ్చుకోలుగా.

“చల్లటిది ఆడాళ్లకి,” అన్నాడు నూర్‌బెర్ది బొంగురుగొంతుతో.

ఇద్దరూ నవ్వారు. మాటలు గోధుమల మీదకి, వానల మీదకి, గుర్రం మీదకి వెళ్లాయి. ఆనాదుర్ది మాట్లాడుతూ గిన్నె ఒంపాడు, కూజాలోకి తిరగబోశాడు. మళ్లీ ఒంపాడు, గుర్రం పళ్ల గురించి ఏదో చెప్తూ తిరగబోశాడు. పాతకాలపు మనిషి, పద్ధతిగా చేస్తున్నాడనుకుంది నబాత్ మొదట. మూడోసారి అయింది. నాలుగోసారి అయింది. ఏడోసారికి ఆమె మాటలు వినడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదకొండోసారి తిరగబోశాక గిన్నెలో అడుగున ఇంత పోసుకుని, పెదవులకి తగిలించి, చప్పరించి కింద పెట్టాడు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కాసేపయ్యాక మూతి తుడుచుకునే మిషతో చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వంటింట్లో నబాత్ ఆయన కూజా మూత తీసి చూసింది. మెడదాకా ఉంది. అలవాటు కొద్దీ థర్మామీటరు ముంచింది. నలభై నాలుగు.

ఆమెకి ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది, ఆ రెంటినీ తోసుకుని కోపం వచ్చింది. ఎదురెదురుగా కూర్చున్నారు ఇద్దరు పెద్దమనుషులు. దొందూ దొందే. ఒకడు గొంతు కాల్చుకుని నటిస్తున్నాడు, ఒకడు చాయ్ తాగకుండా నటిస్తున్నాడు, మధ్యలో ఆ తూతీ దుర్భిణీ వేసుకుని తప్పు గొంతుకి కాపలా కాస్తోంది.

భోజనాలకి ముందు చేతులు కడుక్కోవడానికి ఆనాదుర్ది పెరట్లోకి వచ్చాడు. నబాత్ చెంబుతో నీళ్లు పోసింది.

“అన్నయ్యగారూ, మీ కూజా నిండుగా తిరిగొచ్చింది.”

ఆయన చేతులు నీళ్ల కింద ఆగిపోయాయి.

“నేను ఆరోగ్య కేంద్రం మనిషిని. నాతో చెప్తే బయటికి పోదు. ఎన్నాళ్లయింది?”

ఆనాదుర్ది గుమ్మం వైపు చూశాడు. “చలికాలం నుంచి,” అన్నాడు గాలిలో కలిసేంత మెల్లగా. “మా అక్కకి కూడా తెలీదు. అమ్మా, నీకు పుణ్యముంటుంది, మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు. ఆయన గొంతు ఉక్కులాంటిది. నా సంగతి తెలిస్తే మా పిల్లని చేసుకుంటాడా?”

నబాత్‌కి చెంబు ఆయన నెత్తి మీద బోర్లించాలనిపించింది. ఆ ఉక్కు గొంతు సంగతి చెప్పడానికి నాలిక చివరిదాకా వచ్చింది. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పకూడదని ఉద్యోగంలో చేరిన రోజున పుస్తకం మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. మింగేసింది.

“శనివారం పొద్దున వ్యాను మీ ఊరి మలుపు మీంచే పోతుంది. ఎక్కండి. పచ్చి నీళ్లు కూడా తాగకుండా రండి.”

“మీ అన్నయ్యకి—”

“చెప్పను,” అంది. చెప్పనంది గానీ చూపించనని అనలేదు. ఆ తేడా ఆమెకి అప్పుడే తట్టింది.

సాయంత్రం వెళ్లేముందు తూతీ నూర్‌బెర్దిని ఎగాదిగా చూసి, “ఊళ్లో జనం నోటికి ఏదొస్తే అది కూస్తారు. ఈయన గొంతుకేం, బ్రహ్మాండంగా ఉంది” అని తీర్పు చెప్పింది. రొట్టె ముక్క వియ్యంకులిద్దరూ చెరో వైపు పట్టుకుని విరిచారు. సంబంధం ఖాయమైంది.

శుక్రవారం పొద్దున నూర్‌బెర్ది పక్క మీంచి లేవలేదు. లోపల కాలిన చోట నిప్పు రగులుతోంది. నబాత్ వచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, తల్లి కాళ్ల దగ్గర కూర్చుని దూది వడుకుతోంది.

“సంబంధం కుదిరింది. ఇంక నీ సాకు అయిపోయింది,” అంది నబాత్. “రేపు పద.”

“పెళ్లి కానీ అన్నాను. ఆనాదుర్ది వాళ్లెవరైనా చూస్తే?”

“కిటికీకి తెర ఉంటుంది. తెర వెనక కూర్చో.”

“నడుం నొప్పికి గొంతులో గొట్టమేంటి? రాను.”

“అన్నా, నీకు దండం పెడతాను—”

“వాణ్ణి వదిలెయ్యవే,” అంది ముసలమ్మ. “నిన్న నాలుగు గిన్నెలు తాగాడు, నేను చూశాను. రోగమున్నవాడు తాగగలడా? మీ నాన్న తాగాడా? చివర్లో చల్లటి పాలే.”

అప్పుడు బీబీసారా వంటింట్లోంచి వచ్చింది. చేతిలో పళ్లెం ఉంది. పళ్లెంలో పొద్దున కాల్చిన రొట్టె ముక్క ఒక్కటే ఉంది. పక్కన చాయ్ లేదు, నీళ్లు లేవు. మొగుడి ముందు కూర్చుని పళ్లెం అతని వైపు జరిపింది. ఆమె నోట్లో శాలువా అంచు లేదు. పాతికేళ్లలో అత్తగారి ముందు ఆ కోడలి పెదాలు కనిపించడం అదే మొదటిసారి.

“తినండి,” అంది. “ఈ ముక్క పొడిగా మింగితే వెళ్లక్కర్లేదు. మీ చెల్లెల్ని నేనే ఈ గడప దిగమంటాను.”

“ఏంటే ఇది?”

“రొట్టె. తినండి. లేకపోతే రేపట్నుంచి జల్లెడ పట్టను. అందరికీ పెట్టిందే మీకూ పెడతాను, అత్తయ్య చూస్తుండగా.”

నూర్‌బెర్ది భార్య వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. వేలెడంత ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఎంతసేపో నమిలాడు. కంఠం మీద ముడి పైకి లేచింది. లేచి అక్కడే నిలబడిపోయింది. అతని కళ్లు పెద్దవయ్యాయి, చెయ్యి రొమ్ము మీద గుద్దుకుంది. బీబీసారా పరిగెత్తి తెచ్చిన చిప్పలోకి ముక్క మొత్తం, దాంతోపాటు తీగలా సాగిన ఉమ్మీ తిరిగి వచ్చేశాయి.

ముసలమ్మ చేతిలో కదురు ఆగిపోయింది. ఆవిడ కొడుకునే చూస్తోంది. ఇలాంటి చిప్పనే బైరం నోటి ముందు పట్టుకుని కూర్చున్న ఇంకో కోడల్ని కూడా చూస్తూ ఉండుంటుంది. తరవాత ఎవరి వంకా చూడకుండా అంది:

“జల్లెడేంటే? ఎన్నాళ్లనుంచి?”

“మూడు నెలల నుంచి, అత్తయ్యా.”

“నాకెందుకు చెప్పలేదు?”

బీబీసారా తలెత్తింది. వాకిలి అవతల తలుపు వేసున్న గది వైపు, ఉన్ని మూటలున్న గది వైపు చూసింది. ముసలమ్మ కూడా అటే చూసింది. తరవాత తల వంచుకుని తెగిన నూలుపోగు ముడివేయడానికి ప్రయత్నించింది. మూడుసార్లు వేసినా ముడి పడలేదు.

“రేపు వ్యానెక్కరా,” అంది కొడుకుతో.

శనివారం తెల్లవారేసరికి వ్యాను వచ్చింది. నూర్‌బెర్ది టోపీ కనుబొమల దాకా లాక్కుని, దొంగలా నాలుగువైపులా చూసి ఎక్కాడు. వెనక వరసలో తెర పక్కన కూర్చున్నాడు. మిగిలిన సీట్లన్నీ నబాత్ ముందే నింపేసింది, ఆ పక్క సీటు ఒక్కటే మిగిల్చింది.

పక్క ఊరి మలుపులో పాప్లార్ చెట్ల వెనకనుంచి ఇంకో ఉన్ని టోపీ అలాగే కనుబొమల దాకా లాక్కుని వచ్చి, తల దించుకునే వ్యానెక్కింది. సీటు వెతుక్కుంటూ వెనక్కి వచ్చి తలెత్తింది.

ఆ టోపీ మిగిలిన ఒక్క సీట్లోనే కూలబడింది.

“బట్టలకని వెళ్తున్నాను,” అన్నాడు ఆనాదుర్ది. “పెళ్లికి.”

“నేనూ అందుకే,” అన్నాడు నూర్‌బెర్ది.

వ్యాను కదిలింది. ఆసుపత్రి పేరు వ్యాను రెండు పక్కలా జానెడంత అక్షరాలతో రాసి ఉంది. ఇద్దరూ ముందున్న సీటు వీపుని శ్రద్ధగా చూస్తూ కూర్చున్నారు. నబాత్ కాగితాలు తీసుకుని వాళ్ల ముందుకు వచ్చి నిలబడింది. ఈ ప్రశ్నలు ముందే చెవిలో అడిగి రాసుకుని ఉండొచ్చు. కావాలనే ఉంచుకుంది. నాలుగు రోజుల నుంచి దిగమింగుకున్నదంతా ఆమె గొంతులోకి వచ్చింది.

“బట్టలు కొనడానికి వెళ్లే పెద్దమనుషులు జవాబులు చెప్పండి,” అంది, వ్యానంతటికీ వినబడేట్టు. “మీ రక్తసంబంధీకుల్లో ఎవరైనా గొంతు రోగంతో పోయారా? గుండె అన్నారంటే ఇక్కడే దింపేస్తాను. ఇద్దర్నీ.”

నూర్‌బెర్ది చెల్లెల్ని కొరకొర చూశాడు. మాట తప్పిన మనిషిని చూసినట్టు చూశాడు. పక్కకి తిరిగితే ఆనాదుర్ది మోకాలి మీద పెట్టుకున్న చెయ్యి కనిపించింది. ఆ చేతిలో మడిచిన రుమాలు ఉంది. నూర్‌బెర్ది జేబులో కూడా అలాంటిదే ఉంది. ఆ రుమాలు దేనికో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

“రాయి,” అన్నాడు నెమ్మదిగా. “మా నాన్న. మా అన్న బైరం.”

“నాకూ రాయమ్మా,” అన్నాడు ఆనాదుర్ది. “మా అమ్మ. ఇద్దరు మేనమామలు.” కొంచెం ఆగి వియ్యంకుడి వైపు తిరిగాడు. “బావగారూ, మొన్న నాలుగు గిన్నెలు ఎలా తాగారండీ?”

“చచ్చిపోయాననుకున్నాను.”

ఆనాదుర్ది నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతుంటే ఆయన కళ్లు తడిశాయి. “నేను పదకొండుసార్లు తిరగబోశాను. మా అక్క మిమ్మల్నే చూస్తోంది కాబట్టి బతికిపోయాను.” నవ్వు ఆగాక నబాత్‌ని అడిగాడు: “రెండిళ్లలోనూ ఇదే రక్తం. పిల్లలకి పెళ్లి చెయ్యొచ్చా?”

“ఈ చుట్టుపక్కల ఇది లేని ఇల్లు చూపించండి, అక్కడ చేద్దురు గాని,” అంది నబాత్ విసురుగా. “నలభై దాటాక ఏడాదికోసారి ఈ వ్యానెక్కమనండి. నల్లమందు ముట్టద్దనండి. చాయ్ చల్లార్చుకుని తాగమనండి. నెత్తీ నోరూ కొట్టుకుని మూడేళ్లుగా అదే చెప్తున్నాను!”

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చారు. ఆనాదుర్దిది కాలిన పుండులా ఉందనీ, ముక్క తీసి పరీక్షకి పంపామనీ డాక్టరు చెప్పాడు. నూర్‌బెర్దిది పుండు కాదు. “ఇంకా కత్తికి అందే దూరంలోనే ఉంది. శరదృతువుకి ఉండేది కాదు,” అన్నాడు. వచ్చే ఆదివారం చేర్చుకుంటామన్నాడు.

ఇంట్లో ముసలమ్మ చాప మీద కూర్చుని ఎదురుచూస్తోంది. నబాత్ ఉన్నదున్నట్టు చెప్పింది. ఏదీ దాచలేదు. అంతా విని, “చాయ్ వల్లా, రక్తం వల్లా?” అని అడిగింది ఆవిడ.

“రెండూనమ్మా. ఎవరి చెయ్యి పోసిందనేది మాత్రం కాదు.”

ముసలమ్మ చాప మీంచి కాస్త ముందుకి జరిగింది. బీబీసారా చాయ్ తెచ్చి మొగుడి ముందు పెట్టబోతే చెయ్యి చాచి కూజా తన వైపుకి లాక్కుంది. గిన్నె ఒంపింది. కూజాలోకి తిరగబోసింది. ఒంపింది, తిరగబోసింది. మూడు దాటింది, ఏడు దాటింది. చాయ్ కొంత తివాసీ మీద పడింది. ఎవరూ అందుకోలేదు. పదమూడోసారి ఒంపిన గిన్నెలో తన చిటికెన వేలు ముంచి చూసుకుని, “నీ పుల్ల పెట్టు,” అంది కూతురితో.

నబాత్ పెట్టింది. “నలభై తొమ్మిది.”

ముసలమ్మ గిన్నె కొడుకు చేతికిచ్చింది. అతను తాగుతుంటే అతని గొంతునే చూస్తూ కూర్చుంది. గిన్నె ఖాళీ అయ్యాక కొంగుతో చేతులు తుడుచుకుని, బీబీసారాతో అంది:

“ఆ గదిలో ఉన్ని మూటలు బయట పెట్టించు. పొద్దున్నే నేను గోజల్ వాళ్ల ఊరు వెళ్లాలి.”